అవ్వ మొక్కిన నిలువురాళ్ళు

ముడుమాల్ నిలువురాళ్ళను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేర్చారని 2025 మార్చిలో వార్త వచ్చిన రోజు మా అమ్మ తరఫు చుట్టాల ఫోన్లన్నీ ఒకటే మోగుడు. మక్తల్‌లో ఉండే మా చిన్నమ్మ పేపరు ముక్కను ఫోటో తీసి పంపింది. ముంబైకి బిల్డింగు పనికి పోయి అక్కడే ఉండిపోయిన మా పెద్ద మామ కొడుకు దాని కింద "అవ్వ ఉంటే బాగుండు" అని రాశాడు. అందరికీ ఆమే గుర్తొచ్చింది. ఆ రాళ్ళ గురించి నాకు తెలిసిన మొదటి సంగతులన్నీ అవ్వ నోటి నుంచి విన్నవే. తర్వాత చదువుకున్నవి చాలా ఉన్నాయి, అవీ చెబుతాను. కానీ ఆమె చెప్పినవి ముందు చెప్పకపోతే మిగతావి నాకే అర్థం కావు.

అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. ఆమె ఊరు ముడుమాల్ పక్కనే ఒక చిన్న పల్లె, ఇప్పుడు నారాయణపేట జిల్లా. కృష్ణమ్మ కర్ణాటక దాటి తెలంగాణలో అడుగుపెట్టే చోటు అది. భీమా నది వచ్చి కలిసేది కూడా ఆ దగ్గర్లోనే. ఏటికి అవతల రాయచూరు. అవ్వ మాటల్లో సగం కన్నడం దొర్లేది. వేసవి సెలవులకు అమ్మ మమ్మల్ని తీసుకుని మక్తల్‌లో బస్సు దిగేది. అక్కడి నుంచి ఇంకో బస్సు, దిగాక చిన్న మామ ఎడ్లబండి. ఊరింకా రాకముందే చేలల్లో రాళ్ళు కనిపించేవి. అప్పట్లో మా అవ్వ ఊళ్ళో మిద్దె ఇండ్లు తక్కువ. నా కంటికి ఆ రాళ్ళే ఇండ్ల కంటే ఎత్తు. కొన్ని నిటారుగా, కొన్ని ఒక పక్కకు ఒరిగి, కొన్ని ఎప్పుడో పడిపోయి నేల మీద పొడుగ్గా పడుకుని ఉండేవి. వాటిని ఎవరో తెచ్చి నిలబెట్టారని చిన్నపిల్లకు కూడా చూడగానే తెలిసిపోయేది.

ఆ చోటు దాదాపు 80 ఎకరాలు. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్ళు 80 దాకా ఉన్నాయి. వాటి పక్కన వరసలు వరసలుగా పేర్చిన గుండ్లు మూడు వేల దాకా ఉంటాయని లెక్క కట్టారు. వయసు 3500 నుంచి 4000 ఏళ్ళని పరిశోధకుల అంచనా. ఈ లెక్కలేవీ అవ్వకు తెలియవు. ఆమెకు ఒక్కో రాయికి ఒక్కో పేరు తెలుసు.

ఊరివాళ్ళు ఆ చోటి దేవుణ్ణి నిలురాళ్ళ తిమ్మప్ప అంటారు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. అవ్వ పల్లీ చేలో పనికి పోతే నన్ను వెంట తీసుకుపోయేది. పొద్దు నడినెత్తికొచ్చాక ఒక రాయి పక్కనున్న వేపచెట్టు కింద కూచుని సద్ది మూట విప్పేవాళ్ళం. జొన్నరొట్టె, పుండికూర, పల్లీల పొడి, ఎర్రగడ్డ. తినబోయే ముందు అవ్వ రొట్టెలో చిన్న ముక్క తుంచి, దాని మీద ఇంత కూర పెట్టి రాయి మొదట్లో ఉంచేది. అది ఎల్లమ్మ రాయి కాదు. దానికి పసుపు లేదు, బొట్టు లేదు. ఉత్త రాయి.

"ఇది ఎవరికవ్వా?"

"పెద్దోళ్ళకు బిడ్డా."

"ఏ పెద్దోళ్ళకు?"

"మనకన్న ముందుగాల ఈ చేను దున్నినోళ్ళకు."

ఆమె అంతకంటే చెప్పలేదు. నేను కూడా ఇంకేం అడగలేదు. కాసేపటికి కాకి వచ్చి ఆ ముక్క ఎత్తుకుపోతే అవ్వ ముఖం విచ్చుకునేది. పెత్రామాస నాడు ఇంటి మీద పెద్దలకు పెట్టినప్పుడు కాకి ముట్టుకుంటే ఎంత సంతోషపడేదో, చేలో ఆ రాయి దగ్గరా అంతే సంతోషపడేది. వేర్వేరు తద్దినాలన్న ఆలోచనే ఆమెకు లేదు.

రాయి ఎక్కనిచ్చేది కాదు. చెప్పులతో దగ్గరికి పోనిచ్చేది కాదు. కానీ ఆడుకోవద్దని మాత్రం ఎప్పుడూ అనలేదు. కొంచెం వాలుగా ఉన్న ఒక బండ మీద గుండ్రటి చిన్న చిన్న గుంటలు ఉండేవి. మేం పిల్లలందరం అవి వామనగుంటలు ఆడటానికి పూర్వం ఎవరో తొలిచారనుకునేవాళ్ళం. చింతగింజలు తెచ్చి పోసి చూస్తే లెక్క కుదిరేది కాదు. గుంటలు రెండు వరసలుగా లేవు, ఎక్కడివక్కడ చెదిరి ఉన్నాయి. ఆట సాగక వదిలేసేవాళ్ళం.

రాత్రిళ్ళు వాకిట్లో నులక మంచాలు వేసుకుని పడుకునేవాళ్ళం. కరెంటు ఎక్కువసేపు ఉండేది కాదు, ఆకాశం మాత్రం ఎంత కావాలంటే అంత ఉండేది. అవ్వ చెయ్యెత్తి చూపించేది: అది పిల్లలకోడి, అది గొల్లకావడి, అవిగో ఆ నాలుగూ ముసలమ్మ మంచం కోళ్ళు, దాని వెనక వంకరగా ఉన్నవి మూడూ మంచం ఎత్తుకుపోను వచ్చిన దొంగలు. చదువుకున్నవాళ్ళు సప్తర్షులనే ఆ ఏడు చుక్కల కథను ప్రతి రాత్రీ అడిగి చెప్పించుకునేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పురావస్తు శాస్త్రం చెప్పిన కె.పి. రావు గారు ముడుమాల్ బండ మీది గుంటల పటాన్ని తెర మీద వేసి, వాటిలో సప్తర్షి మండలం ఆకారం చూపించారు. చెదిరిన గుంటల మధ్యలో నాలుగు, వెనక వంకరగా మూడు. మేం చింతగింజలు పోసిన గుంటలవే. ముసలమ్మ మంచం. మూడు వేల ఏళ్ళకు పైగా ఆ బండ మీద ఆ మంచం అట్లాగే ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పటికి అవ్వ లేదు.

నాయిన వైపు ఊరు సిద్దిపేట దిక్కున. అక్కడా రాళ్ళున్నాయి, కానీ ఎవరూ మొక్కరు. రాకాసి గుళ్ళు అంటారు. తెలంగాణలో చాలా ఊళ్ళలో అదే పేరు. కొన్నిచోట్ల పాండవుల గుళ్ళంటారు, చిత్తూరు వైపు కూడా అంతే. మనుషులు ఇంత రాయి ఎత్తలేరు కనుక రాకాసులైనా ఎత్తి ఉండాలి, అరణ్యవాసంలో భీముడైనా ఎత్తి ఉండాలి. మా ఊళ్ళో ఆ గుళ్ళు గుట్ట కింద పడావు భూమిలో ఉండేవి. చుట్టూ గుండ్రంగా పెద్ద పెద్ద గుండ్లు, మధ్యలో రాళ్ళ కుప్ప, కుప్ప కింద నుంచి కొద్దిగా తొంగిచూసే రాతి పలక అంచు. అటు పక్కకు పొద్దుగూకినాక పశువుల కాపరులు కూడా పోరు. మా పెద్దనాయిన చేను ఒక గుడిని ఆనుకుని ఉండేది. నాగలి అక్కడిదాకా వచ్చి చుట్టు తిరిగి పోయేది. ఆ వంపు చాలును నేను చిన్నప్పటి నుంచీ చూశాను. ట్రాక్టరు వచ్చాక కూడా కొన్నేళ్ళు ఆ చాలు వంకరగానే పడింది.

ఒకసారి వాన కోసుకుపోయిన చోట కుండ పెంకు ఒకటి దొరికింది. లోపల నిగనిగలాడే నలుపు, బయట ఎరుపు. ఇంటి గోలేలకంటే పల్చగా, నున్నగా ఉంది. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. పెద్దనాయిన చూసి ఏమీ తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని మళ్ళీ అక్కడిదాకా నడిపించి, "తీసిన కాడనే పెట్టు. అది వాళ్ళ బువ్వ కుండ," అన్నాడు. ఎవరి కుండో ఆయనకూ తెలియదు. తీసుకోకూడదని మాత్రం తెలుసు.

ఆ నలుపు ఎరుపు కుండలు ఈ దక్షిణాదిలో రాకాసి గుళ్ళలాంటి రాతి గోరీలు ఎక్కడ తవ్వినా దొరుకుతాయి. కుండను బోర్లించి కాలుస్తారు. లోపలికి గాలి తగలక నలుపు తేలుతుంది, బయట మంటకూ గాలికీ ఎర్రబడుతుంది. ఒక్క కాల్పులో రెండు రంగులు రప్పించిన ఆ కుమ్మరుల పనితనం ముందు నాకు ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. కొన్ని కుండల మీద గీతలు, గుర్తులు గీకి ఉంటాయి. చేసినవాళ్ళవో, పెట్టిన ఇంటివాళ్ళవో.

యూనివర్సిటీలో చేరినప్పుడు నాకు ముందు తెలియని సంగతి, ఆ క్యాంపస్‌లోనే రాకాసి గుళ్ళున్నాయని. గచ్చిబౌలిలో అంత పెద్ద రోడ్డు పక్కన, హాస్టళ్ళ వెనక బండల మధ్య, ఇనుప యుగపు గోరీలు. అక్కడ తవ్వకాలు జరిగాయి. రాతి వలయం మధ్యలో కుప్ప తీస్తే కింద నాలుగు పలకలు నిలబెట్టి కట్టిన రాతి పెట్టె ఉంటుంది, దాని మీద మూత బండ. సాధారణంగా తూర్పు పలకకు గుండ్రటి రంధ్రం ఉంటుంది. కుండలు, ఇనుప సామాను, ఎముకలు. కొన్ని గోరీల్లో కాళ్ళున్న మట్టి తొట్టెలు కూడా వస్తాయి, శవపేటికలు.

క్లాసులో విన్నవాటిలో నన్ను బాగా పట్టేసిన సంగతి ఇది: చాలా గోరీల్లో ఎముకలు మనిషి పడుకున్న తీరులో ఉండవు. కొన్నే ఉంటాయి, ఒకచోట కూర్చి పెట్టి ఉంటాయి. ఒకే పెట్టెలో ఒకరి కంటే ఎక్కువమందివి కనిపిస్తాయి. అంటే మనిషి పోయిన రోజే ఇందులో పెట్టలేదు. ఎక్కడో ముందు ఉంచారు. మాంసం పోయి ఎముకలు మిగిలాక, తీరిక చూసుకుని, తిండిగింజలు చేతికొచ్చాక, బంధువులను పిలుచుకుని అప్పుడు తెచ్చి ఇక్కడ చేర్చారు. తర్వాత ఇంకొకరు పోతే మళ్ళీ తెరిచి పెట్టారు. ఆ రంధ్రం ఎందుకన్న ప్రశ్నకు ఆత్మ వచ్చిపోవడానికని కొందరంటారు, తర్వాతివాళ్ళ ఎముకలు లోపలికి చేర్చడానికని కొందరు. నాకు రెండూ ఒకటే దారిగా కనిపిస్తాయి. తలుపు పెట్టారంటే మళ్ళీ వస్తామనే కదా.

ఇనుప సామాను చూసినప్పుడు ఇంకా దగ్గరగా అనిపించింది. కొడవళ్ళు, గొడ్డళ్ళు, ఉలులు, బాకులు. మనం కూడా పోయినవాళ్ళకు ఇష్టమైనవి గోరీలో పెడతాం. తాత పోయినప్పుడు చుట్టల కట్ట పెట్టారు, మా నాయినమ్మకు ఆకు వక్క సంచి. ఆ కాలంలో ఇనుము తేలిగ్గా దొరికిన వస్తువేం కాదు. రాయి వెతికి, బొగ్గు కాల్చి, కొలిమి ఊది తీసిన ఇనుముతో చేసిన కొడవలిని మట్టిలో పెట్టి మూశారంటే ఆ ఇల్లు ఒక పనిముట్టు పోగొట్టుకుందన్నమాట. ప్రేమకు అంత ఖరీదు పెట్టినవాళ్ళు వాళ్ళు.

రాయికి పెట్టిన ఖరీదు అంతకు మించింది. 2017లో సిద్దిపేట జిల్లాలో పుల్లూరు, నర్మెట దగ్గర రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. నర్మెట గోరీ మీది మూత బండ 40 టన్నుల పైనే ఉంటుందని తేల్చారు. దాన్ని పక్కకు తీయడానికి పెద్ద క్రేన్లు తేవాల్సి వచ్చింది. చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా వచ్చారు. మా పెద్దనాయిన కొడుకు కూడా పోయి నిలబడ్డాడు. "క్రేనుతోనే ఇంత కష్టమైతుంటే వాళ్ళెట్ల పెట్టిన్రే" అని ఫోన్‌లో ఆశ్చర్యపడ్డాడు.

ఎట్లా పెట్టారో కొంత ఊహించగలం. బండ మీద నిప్పు పెట్టి, వేడెక్కాక నీళ్ళు పోస్తే పొరలు విచ్చుకుంటాయి. నెర్రెలు విచ్చినచోట మేకులు దిగ్గొట్టి పలకలు లేపుతారు. మా ఊరి వడ్డెరవాళ్ళు మొన్నమొన్నటిదాకా పని చేసిన తీరు అదే. దుంగలు పరిచి, మోకులు కట్టి, అందరి సత్తువ కలిపి, మట్టి కట్ట ఏటవాలుగా పోసి పైకి జరిపి ఉండాలి. దీనికి వందలమంది కావాలి. అంతమందికీ పనైనన్ని రోజులు తిండి కావాలి. ఎవరో ఆ తిండి పెట్టారు, ఎవరో వండారు, ఎవరో పశువును కోశారు. కళ్ళు మూసుకుంటే నాకు బండ కంటే ముందు ఆ వంట పొయ్యిలే కనిపిస్తాయి.

ఇది నా ఊహ మాత్రమే కాదు. రాయి నిలబెట్టే ఆచారం మన చుట్టూ బతికే ఉంది. కోరాపుట్ కొండల్లో గదబలు పోయినవాళ్ళందరికీ కలిపి కొన్నేళ్ళకోసారి పెద్ద క్రతువు చేసి, బర్రెలను బలిచ్చి, రాళ్ళు పాతుతారు. గోతర్ అంటారు దాన్ని. ఒడిశా, శ్రీకాకుళం కొండల సవరలు చచ్చిపోయినవాళ్ళ పేర రాళ్ళు నాటుతారు. బస్తర్‌లో మాడియా గోండులది అదే రివాజు. దంతెవాడ దగ్గర గామవాడలో వాళ్ళ పెద్దల రాళ్ళు రోడ్డు పక్కనే వరసగా నిలబడి ఉంటాయి. మేఘాలయలో ఖాసీలు నిలువురాళ్ళతో పాటు అడ్డంగా బల్లలు వేసినట్టు పలకలు కూడా వేస్తారు, నిలువువి మగవాళ్ళ పేర, పడుకున్నవి వంశానికి మూలమైన అమ్మల పేర. వీళ్ళకూ మన రాకాసి గుళ్ళు కట్టినవాళ్ళకూ నేరుగా చుట్టరికం ఉందని నేననను. మధ్యలో వేల ఏళ్ళు ఉన్నాయి. కానీ రాయి నిలబెట్టడమంటే ఊరంతా తిని, ఏడ్చి, పోయినవాళ్ళను పెద్దల్లో కలుపుకోవడమని ఈ మనుషుల మధ్య కూచున్నవాళ్ళకు అర్థమవుతుంది.

ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో దామరవాయి గుట్ట ఎక్కినప్పుడు నాతో వచ్చిన కోయ పెద్దాయన దారిలో ఏమీ మాట్లాడలేదు. గుట్ట మీద రాతి పలకలతో కట్టిన గూళ్ళు ఒకదాని పక్కన ఒకటి, ఒక ఊరు ఊరే ఉంది. కొన్ని కూలిపోయి, కొన్నింటి మూత బండలు దొంగలు జరిపేసి. ఆయన ఒక గూడు ముందు ఆగి తువ్వాలు భుజం మీది నుంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇంట్లోకి పోబోయే ముందు మనవాళ్ళు చేసే పనే. భద్రాచలం వైపు జానంపేటలో ఇంకా పెద్ద సమూహం ఉంది. గోదావరి లోయలోని ఈ గూళ్ళలో ఇసుకరాతిని తొలిచి చేసిన తొట్టెలు కూడా ఉంటాయి. దొంగతోగు దగ్గర చేతులు చాచిన మనిషి ఆకారంలో చెక్కిన నిలువురాళ్ళున్నాయి. దూరం నుంచి చూస్తే శిలువలనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో ఈ లోయలో ఇట్లాంటి రాళ్ళను చూసిన ఇంగ్లీషు దొరలు ఇక్కడ క్రైస్తవులు ఉండేవారేమోనని వాదించుకున్నారు కూడా. దగ్గరికి పోతే కొన్నింటికి ఆడమనిషి రూపం తెలుస్తుంది. అమ్మలకు పెట్టిన రాళ్ళవి.

ముడుమాల్ సంగతికి వస్తే, ఇప్పుడు అందరూ ఎక్కువగా చెప్పేది సూర్యుడి గురించి. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో, పగలు బాగా పొడుగైన రోజున, బాగా పొట్టిదైన రోజున, కొన్ని రాళ్ళ వరస పొద్దు పొడిచే దిక్కుకో గుంకే దిక్కుకో సరిపోతుందని కె.పి. రావు గారు, ఆయనతో పనిచేసినవాళ్ళు కొలిచి చూపించారు. ఒకసారి మార్చి నెలాఖరుకు ముందు చిన్న మామతో తెల్లవారుజామునే పోయి చూశాను. రెండు రాళ్ళ నడుమ సూర్యుడు లేవడం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది, నిజమే. ఇంత పాత కాలంలో ఆకాశాన్ని ఇంత ఓపిగ్గా చూసినవాళ్ళు మన నేల మీద ఉన్నారని గర్వం కలిగింది.

అయినా పేపర్లలో దీన్ని ఉత్త ఖగోళ పరిశోధనాలయంగా రాసేస్తుంటే నాకు మనసొప్పదు. ఎప్పుడు విత్తాలో తెలుసుకోవడానికి రైతుకు పద్నాలుగడుగుల రాయి అక్కర్లేదు. మా మామ ఏటి నీటి రంగు చూసి, చీమల బారు చూసి, మోదుగ పూత చూసి చెప్పేస్తాడు. అంత రాయి కావాల్సింది అందరూ ఒకే రోజున ఒకేచోట కూడటానికి. పక్కనే రాతి వలయాలూ, రాళ్ళ కుప్పలూ ఉన్నాయి. పెద్దల అమావాస్యకు మనకు తిథి ఎట్లా ముఖ్యమో, పోయినవాళ్ళకు పెట్టే రోజును సూర్యుణ్ణి చూసి నిర్ణయించుకోవడం వాళ్ళకూ అట్లాగే ముఖ్యమై ఉంటుందని నా నమ్మకం. రాళ్ళ వరసల గురించి మొదట రాసినవాళ్ళలో ఒకడైన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1956లో పాత హైదరాబాద్ రాష్ట్రపు దక్షిణ ప్రాంతంలోని రాళ్ళ వరుసల మీద వ్యాసం ప్రచురించాడు. దానికి నూరేళ్ళ ముందే, ఇప్పటి కర్ణాటకలోని సురపురంలో పనిచేసిన ఇంగ్లీషు అధికారి మెడోస్ టైలర్ ఈ చుట్టుపక్కల రాతి గోరీలు తవ్వించి రాసిపెట్టాడు. అప్పటి నుంచీ వీటి ప్రయోజనం మీద వాదాలు నడుస్తూనే ఉన్నాయి. సమాధులా, క్యాలెండరా, సరిహద్దులా, దేవుళ్ళా? అవ్వ రొట్టె ముక్క పెట్టిన రాయి ఆమెకు వీటిలో ఒకటి మాత్రమే అయి ఉండదని నాకు తెలుసు. దాని నీడ చూసి సద్ది మూట విప్పేది. దాని పక్క నుంచే మా చేను మొదలు. దాని మొదట్లోనే పెద్దలకు పెట్టేది.

ఊరు కట్టుకున్నప్పుడు మనం బొడ్రాయి వేస్తాం. ఏళ్ళ తరబడి ఊళ్ళు వదిలి పోయిన ఆడబిడ్డలను కూడా పిలిచి, పొలిమేరలు కట్టడి చేసి, ఊరి నడుమ రాయి నిలబెట్టి పండుగ చేస్తాం. మా నాయిన ఊళ్ళో బొడ్రాయి పండుగ జరిగినప్పుడు నేనూ పోయాను. బిందెతో నీళ్ళు తీసుకుపోయి ఆ రాయి మీద పోస్తూ, రాయి నిలబెట్టే ఆ అలవాటు మనల్ని ఇంకా వదల్లేదనుకున్నాను.

బాధ ఎక్కడంటే, అదే ఊళ్ళో గుట్ట కింది రాకాసి గుళ్ళు ఇప్పుడు లేవు. పెద్దనాయిన పోయాక కొన్నేళ్ళకు పడావు భూమి చేతులు మారింది. రాళ్ళు పగిలి కడీలయ్యాయి, ఎవరి చేలకో కంచె అయ్యాయి. అంతకు ముందే లంకెబిందెల కోసం రాత్రిపూట తవ్వినవాళ్ళు రెండు గుళ్ళ కడుపులు చీల్చి, కుండలు పగలగొట్టి, ఏమీ దొరక్క వదిలేసి పోయారు. ఆ గోరీల్లో బంగారు బిందెలుండవు. తిండి పెట్టిన కుండలుంటాయి, అవి పగిలితే ఇక మాట్లాడవు. వంకర చాలు ఇప్పుడు తిన్నగా పడుతోంది.

హైదరాబాద్‌లో మౌలాలి, హష్మత్‌పేట ప్రాంతాల్లో ఒకప్పుడు గోరీలు గుంపులు గుంపులుగా ఉండేవి, తవ్వి రాసినవాళ్ళున్నారు. ఇప్పుడు వాటి మీద కాలనీలు. కృష్ణ ఒడ్డున ఏలేశ్వరంలో బయటపడ్డవి నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉన్నాయి. ముడుమాల్‌లోనూ చేలు చదును చేసేటప్పుడు రాళ్ళు చాలా పోయాయి. ఇన్ని వేల ఏళ్ళు నిలబడ్డ రాళ్ళు మా ఒక్క తరంలో ఇంత వేగంగా ఎందుకు పడిపోయాయని ఆలోచిస్తే నాకు తోచేది ఒక్కటే. ఒక దిక్కు అవ్వ భక్తి, ఒక దిక్కు పెద్దనాయిన భయం, ఈ రెండే వాటికి కావలి. చట్టం తర్వాత వచ్చింది, అదీ కొన్నింటికే. రాకాసులు లేరని మా తరం పిల్లలకు బడి నేర్పింది, అది నేర్పాల్సిందే. రాకాసులు కాకపోతే మరి వాటిని కట్టింది ఎవరో, ఎందుకో ఏ పాఠంలోనూ చెప్పలేదు. భయం పోయిన చోట ప్రేమ రావడానికి ఆ ఒక్క పాఠం చాలి ఉండేది.

నేను టీచరునయ్యాక ఏ ఊళ్ళో పనిచేసినా మొదటి నెలల్లోనే పిల్లలను అడుగుతాను, మీ ఊరి చుట్టూ రాకాసి గుళ్ళున్నాయా అని. ఉన్నాయంటారు, దాదాపు ప్రతిచోటా. ఆదివారం కలిసి పోతాం. రాతి వలయం చుట్టూ చేతులు పట్టుకుని నిలబడమంటాను. ఒక్కో వలయానికి ఎంతమంది కావాలో వాళ్ళకు అట్లా తెలుస్తుంది. కుండ పెంకు దొరికితే చూసి, మళ్ళీ అక్కడే పెట్టిస్తాను. ఒక పాప ఒకసారి "మేడం, చిన్నపిల్లలవి కూడా ఉంటాయా ఇందులో?" అని అడిగింది. కొన్నిచోట్ల దొరికాయమ్మా అన్నాను. ఆ పాప ఇంకేం అడగలేదు, చేతిలో ఉన్న జామకాయ అక్కడ పెట్టింది. నేను నేర్పని పని అది.

అందరికీ ఇంత గోరీ కట్టి ఉండరన్నది కూడా పిల్లలకు చెబుతాను. ఒక తరంలో పోయినవాళ్ళంతా ఎంతమంది, మిగిలిన గోరీలెన్ని అని ఆలోచిస్తే, చాలామందికి రాయి దక్కలేదని తెలుస్తుంది. బండలు లాగినవాళ్ళలో ఎంతమందికి బండ కింద చోటు దొరికిందో. ఆ మాట చెప్పకుండా ఆ కాలాన్ని పొగిడితే తప్పవుతుంది.

మొన్న పెత్రామాసకు అమ్మతో అవ్వ ఊరు పోయాం. యునెస్కో మాట ఊరంతా పాకింది. చిన్న మామకు ఇప్పుడు చేతకావడం లేదు, చేను ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. పత్తి వేశాడు. మా చేలోకి వచ్చే నాలుగు రాళ్ళ చుట్టూ నేల దున్నకుండా వదిలేశాడు. కూలీలు, మందులు, పత్తి ధర అన్నీ లెక్కపెట్టుకునే మనిషి, గుంటెడు భూమి ఎందుకు వదిలావురా అని అడిగితే, "అవ్వ వదిలింది కదా అక్కా" అన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. సర్కారు ఈ భూమి తీసుకుంటే పైసలు ఇస్తరా, తీసుకోకపోతే ఇక్కడ బోరు వేసుకోనిస్తరా, రాళ్ళు చూడను వచ్చేటోళ్ళు పత్తి చేలో నడవకుండ బాట ఎవరు వేస్తరు? న్యాయమైన ప్రశ్నలు. వాళ్ళు ఇన్ని తరాలు కాపాడకపోతే జాబితాకు ఎక్కించడానికి అక్కడ రాళ్ళే ఉండేవి కావు.

ఆ సాయంత్రం ఇద్దరం కూచుని కలెక్టరుకు అర్జీ రాశాం. చేను సర్వే నంబరు, రాళ్ళు ఎన్ని, ఏ రాయి ఎంత ఎత్తు, ఏది ఒరిగింది, ఏది పడింది అన్నీ వేశాం. గుర్తు కోసం ఒక్కోదానికి పేరు రాద్దామన్నాడు. సగం పేర్లు వాడికి గుర్తున్నాయి, సగం నాకు. మర్చిపోయినవి అమ్మ వంటింట్లో నుంచి చెప్పింది. వేపచెట్టు రాయి. గూనవ్వ రాయి. జోడు రాళ్ళల్ల చిన్నది. సద్ది రాయి.